ఊపిరి మిషనుకు పెట్టె

వాగు పొంగి చర్చి బల్లల్ని ఎత్తుకుపోయి, కింది ఊళ్ళో పొగాకు కొట్టం దగ్గర దించిన ఏడాది అది. ఆ ఏడాదే వాషింగ్టన్‌లో ఎవరో కూర్చుని, ఇళ్ళల్లో వాడే ఊపిరి మిషన్లకి ప్రభుత్వం ఇచ్చే డబ్బులో కోత పెట్టారు. వరద సంగతి కెంటకీ కొండల్లో అందరికీ తెలిసింది. కోత సంగతి డెన్‌జిల్‌కి హోబర్ట్ చెబితే తెలిసింది.

డెన్‌జిల్ బొగ్గు గనిలో పనిచేసి, ఛాతీ నిండా బొగ్గు పొడి ఇంటికి తెచ్చుకున్నవాడు. ముక్కుకి గొట్టం, గొట్టానికి అవతల మిషను. గదిలో గాలి పీల్చి, అందులోంచి ఆక్సిజన్ తీసి ఇస్తుందది. టౌన్లో మిషన్ల షాపు నుంచి హోబర్ట్ నెలనెలా వచ్చేవాడు. ఫిల్టరు కడిగేవాడు, గొట్టం మార్చేవాడు, డెన్‌జిల్ భార్య ఓమా చేసిన ఆపిల్ కేకు తినేవాడు. ఎక్కువసేపు పట్టేది కేకుకే.

ఇక షాపు నుంచి మనిషి రాడని, ఏదన్నా అయితే ఫోను చేసుకోవాలని చెప్పాడు హోబర్ట్. తన ఉద్యోగం పోయిందన్న మాట చివర్లో, బండెక్కుతూ చెప్పాడు. తర్వాత వంటగ్యాసు బండి తోలే పనిలో చేరాడు.

పోనీలే అనుకున్నాడు డెన్‌జిల్. గనిలో ఇంటంతేసి మిషన్లు నడిపినవాడికి ఇదో లెక్కా. అతని దిగులు వేరు. ఆ చలికాలం తమ్ముడు ఆర్లిస్ పోయాడు. పోయినవాళ్ళని చర్చిలో తలుచుకునే ఆదివారం దగ్గరికొస్తోంది. వాళ్ళ చర్చిలో వాయిద్యాలుండవు. ఒకరు లేచి ఒక్కో పాదం అందిస్తే, జనమంతా దాన్ని సాగదీసి పాడతారు. తమ్ముడి పాట తనే అందించాలి. ఇంకెవరన్నా అందిస్తే ఆర్లిస్ సమాధిలోంచి లేచొచ్చి పోట్లాడే రకం.

సాధన చేద్దామని కూర్చుంటే మిషను అడ్డం. రోజంతా ఒకటే రొద. ఆ రొదకో శ్రుతి ఉంది, అది పాట శ్రుతి కాదు. డెన్‌జిల్ ఎక్కడ ఎత్తుకున్నా గొంతు దాని వెంట జారిపోయేది. దీంతో కలిసి పాడితే చర్చిలోంచి వెలేస్తారని ఓమాతో అన్నాడు. ఆగి ఆగి చెక్క పలకలు కోసి పెట్టె చేశాడు. లోపల పాత బొంత చుట్టూ పరిచి, మిషన్ని దింపి మూతేశాడు. గొట్టం బయటికి రావడానికి మాత్రం పెట్టెకి చిల్లు పెట్టాడు.

పాట కుదిరింది. ఊపిరే కుదరలేదు. కొన్నాళ్ళకి వరండాలోకి వెళ్ళాలన్నా గోడ పట్టుకోవాల్సొచ్చింది. పెదాలు నీలం తిరిగాయి. ఓమా షాపుకి ఫోను చేసింది. ముందు టేపు మాట్లాడింది, తర్వాత ఏదో సంగీతం వినిపించారు, చివరికి ఎక్కడో దూరాన ఒక పిల్ల పలికి, మిషను మీద పచ్చ దీపం వెలుగుతోందా అని అడిగింది. దీపం పెట్టెలో ఉంది. వెలుగుతోందని చెప్పెయ్యమన్నాడు డెన్‌జిల్. అయితే మిషను బాగానే ఉందంది ఆ పిల్ల. పాపం, ఆమెకేం కనిపిస్తుంది.

తమ్ముడి తర్వాత తన వంతు వచ్చేసిందనుకున్నాడు. పాట మేనల్లుడికి అప్పగించమని చెప్పి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఓమా మేనల్లుడికి కబురు పెట్టలేదు. వంటింట్లోకి వెళ్ళి ఆదివారం భోజనాలకి కేకు మొదలుపెట్టింది.

శనివారం హోబర్ట్ వచ్చాడు. ఎవరూ పిలవలేదు. ఆ ఆదివారానికి ఓమా కేకు చేస్తుందని అతనికి తెలుసు, అంతే. గడపలో ఆగి పెట్టెని చూశాడు.

"ఏం పెద్దాయనా, ఎవర్ని పాతిపెడుతున్నావ్?"

"మిషన్ని. పాటకి అడ్డమొస్తోంది."

హోబర్ట్ మూత తీసి, చెయ్యి పెట్టి గబుక్కున లాక్కున్నాడు. లోపల కుంపటిలా ఉంది.

"గదిలో గాలి తాగి నీకు పోస్తుందిది. నువ్వు దాని మూతి కట్టేశావ్. ఇంకేం పొయ్యమంటావ్?"

"గనిలో అన్నిటికీ మూతేసేవాళ్ళం. దుమ్ము పడకుండా."

"గనిలో నీ ఊపిరి బాగుపడిందా?"

వంటింట్లోంచి ఓమా గట్టిగా నవ్వింది.

హోబర్ట్ మిషన్ని వెనక గదిలోకి లాగి, బండిలో పడున్న పొడుగు గొట్టం తెచ్చి తగిలించాడు. ఫిల్టరు కడుక్కొచ్చాడు. "కడగడం ఎవడికైనా వచ్చు. నేనొచ్చి నాలుగు వైపులా చూసేవాణ్ణి. వాళ్ళు కోసింది ఆ చూపుని," అన్నాడు కేకు నములుతూ. పొద్దు వాలేలోపు డెన్‌జిల్ పెదాలు ఎర్రబడ్డాయి. పొద్దు వాలేలోపు కేకు సగమైంది కూడా. ఓమా తిట్టుకుంటూ ఇంకోటి చేసింది.

ఆదివారం డెన్‌జిల్ బయటికెళ్ళేటప్పుడు వాడే చిన్న ఆక్సిజన్ సిలిండరు భుజాన వేసుకుని, చర్చిలో లేచి నిలబడ్డాడు. ఒక్కో పాదం అందించి ఊపిరికోసం ఆగాడు. జనం ఆ పాదాన్ని ఎప్పటికంటే పొడుగ్గా సాగదీశారు, అతను తేరుకునేదాకా. పాట చివరిదాకా వచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఓమా చేత బండి తీయించి, కొండ మలుపులో ఉన్న బెర్నీస్ ఇంటికి వెళ్ళాడు. ఆమెకీ అదే షాపు మిషను. కుశలం అడక్కుండానే మిషను ఎక్కడ పెట్టావని అడిగాడు. బెర్నీస్ బట్టల బీరువా చూపించింది. డెన్‌జిల్ వెళ్ళి తలుపు తీశాడు.