గట్టుకి సరిపోయిన సైకిలు

"ఎక్కడ తొక్కుతారండీ?" అని అడిగింది రమ్య, ఏలూరులో సైకిళ్ళ షాపు నడిపే అమ్మాయి.

"కొల్లేరు పక్కన మాకు చేపల చెరువుందమ్మా. దాని గట్టు మీద."

"ఎందుకు తొక్కుతారండీ?"

ఇదేం ప్రశ్నండీ బాబూ! సైకిలు అమ్ముతోందా, స్టేషన్లో వాంగ్మూలం తీసుకుంటోందా? "షుగరు" అని ఊరుకున్నాను.

అసలు సంగతి వేరు. మా ఆవిడ సత్యవతి పోయి ఏడాదైంది. ఇంట్లో టీవీ గొంతు తప్ప మనిషి గొంతు లేదు. రోజూ తెల్లారగట్ల మా వీధిలోంచి హేమంత్‌కుమార్, అతని స్నేహితులు సైకిళ్ళ మీద నవ్వుకుంటూ పోతారు. వాళ్ళలో కలవాలని నా ఆశ. ఆ మాట కూతురంత పిల్లకి ఎలా చెప్పను?

"కొండలు దిగేవాళ్ళకి ముందూ వెనకా కుదుపులాపే సస్పెన్షన్ కావాలండీ. తారురోడ్డుకి సన్న టైర్లు. మీ గట్టుకి ముందు సస్పెన్షన్ చాలు, టైర్లు మాత్రం లావువి. మడ్‌గార్డులు పెట్టను, నల్లమట్టి ఇరుక్కుంటే చక్రం తిరగదు" అంటూ ఓ మౌంటెన్ బైకు నా చేతికిచ్చింది.

ఆదివారం హేమంత్ వాళ్ళతో కైకలూరు రోడ్డెక్కాను. వాళ్ళవన్నీ సన్న టైర్లు, రివ్వున పోయారు. నాది బుర్రుమని చప్పుడే గానీ కదిలి చావదు. "మెల్లిగా రండి బాబాయ్‌గారూ, టిఫిన్ దగ్గర కలుద్దాం" అన్నాడు హేమంత్. నేను చేరేసరికి వాళ్ళు చేతులు కడుక్కుంటున్నారు. ప్రతి ఆదివారం ఇదే వరస.

ఇలా కాదని మా చెరువు దగ్గరికి భోజనానికి పిలిచాను. కొర్రమీను పులుసు నేనే వండాను. ముందురోజు వాన దంచి కొట్టింది. గట్టు మొదట్లో హేమంత్ కాలు పెడితే చీలమండ దాకా దిగిపోయింది.

"మా బళ్ళు రావండీ. మరోసారి వస్తాంలెండి, ఏమీ అనుకోకండి."

నా బండి మాత్రం ఆ బురదలో సుబ్బరంగా పోయింది. వెనక్కి తిరిగి చూస్తే రోడ్డు మీద ఎవరూ లేరు. పాకలో కడిగి బోర్లించిన కంచాల్లో ఒకటి తీసుకుని తిన్నాను. ఏడుపొచ్చింది. చూసేవాళ్ళెవరున్నారని ఆపుకోవాలి, ఏడ్చాను.

మర్నాడు బండి షాపుకి తోలుకెళ్ళాను. "మార్చి సన్న టైర్లది ఇవ్వమ్మా."

"అదేంటండీ! మీ గట్టుకి ఇంతకంటే సరైన బండి లేదు."

"గట్టుకి బానే సరిపోయిందమ్మా. నాకే సరిపోలేదు. నేను కొనుక్కుంది నలుగురితో కబుర్లు చెప్పుకుంటూ పోదామని."

రమ్య చేతిలో పంపు కింద పెట్టేసింది. "అయ్యో, ఆ ముక్క ఆ రోజే చెప్పకూడదా అండీ!"

"అది చెప్పుకోవడమే చేతనైతే నాకీ బండెందుకమ్మా?"