మాట్లాడని ఫోన్

మా కోడలు మంత్రసాని. ఆ మాట చెప్పడానికి నాకేమీ నామోషీ లేదు. ఈ కాలంలో ఇంకా మంత్రసానులేమిటని ముక్కున వేలేసుకునేవాళ్ళ మనవలు కూడా ఆవిడ చేతుల్లోనే పుట్టారు.

ఏ నంబరు నుంచి వచ్చినా ఆవిడ ఫోన్ ఎత్తాల్సిందే. అదే అదనుగా మనిషనేవాడు లేకుండా కంప్యూటర్లు చేసే ఫోన్లు పట్టుకున్నాయి. రోజుకు నలభైకి తక్కువ లేవు. ఎత్తగానే రెండు క్షణాలు చడీచప్పుడూ ఉండదు. ఆ తర్వాత రికార్డు గొంతు అందుకుంటుంది, స్థలం కావాలా, అప్పు కావాలా అని. "నీ తలకాయ కావాలి!" అని నేనెన్నిసార్లు తిట్టానో. మరకి సిగ్గెక్కడిది!

ఒకరోజు ఉదయం అలా ఏ మాటా వినిపించకపోతే కోడలు విసుగెత్తి పెట్టేసింది. అది మర కాదు. నొప్పులతో నోట మాట పెగలని ఓ పిల్ల. మళ్ళీ చేసే ఓపిక లేక మెట్ల మీదే కనేసింది. తల్లీ బిడ్డా దక్కారు గానీ, మా కోడలికి వారం రోజులు ముద్ద దిగలేదు.

మర ఫోన్లకు ముకుతాడు వేసే చట్టం తెస్తున్నారని, శాసనసభ్యుల సంఘం జనం మాట వింటోందని తెలిసి, తానూ చెబుతానని కోడలు వెంటనే పేరిచ్చింది. "పెద్దవాళ్ళ ముందు తడబడతానేమో అత్తయ్యా" అంది.

"తడబడితే తడబడు. వెనక కుర్చీలో నేనుంటాగా" అన్నాను.

ఆ రోజు సంఘం కూర్చున్న హాల్లో అందరి ఫోన్లూ ఆపించారు. మా కోడలు మాత్రం, "నెలలు నిండినవాళ్ళు ముగ్గురున్నారండీ" అంది. అధ్యక్షురాలు సరేనని తలూపింది.

కోడలు అడిగింది ఒక్కటే. మర ఫోన్ చేస్తే, ఎత్తిన వెంటనే తాను మరనని చెప్పాలి. మౌనంగా ఉండకూడదు.

కళ్ళజోడు సభ్యుడొకాయన నవ్వాడు. "రెండు క్షణాలకో సెక్షనా అమ్మా? ఎవరూ మాట్లాడకపోతే పెట్టేస్తే పోలా?"

నాకు ఒళ్ళు మండింది. లేవబోతుండగానే కోడలి ఫోన్ మోగింది. కొత్త నంబరు. చెవి దగ్గర పెట్టుకుని ఊరుకుంది.

"అదుగో, మరే అయ్యుంటుంది" అన్నాడాయన.

కోడలు పెట్టేయలేదు. "ఉన్నానమ్మా. ఊపిరి తీసుకో. తొందరేం లేదు" అంది. హాలంతా ఆమెనే చూస్తోంది. కాసేపటికి, "ఎంతసేపటికోసారి వస్తున్నాయి?" అని అడుగుతూనే సంచీ భుజాన వేసుకుంది.

"మీరడిగిన రెండు క్షణాలు ఇవేనండీ" అని ఆయనకో దణ్ణం పెట్టి బయల్దేరింది. పరుగున వెళ్ళి తలుపు తెరిచి పట్టుకున్నది ఆ కళ్ళజోడాయనే.

"ఆవిడ చెప్పాల్సింది ఇంకా ఉందా?" అని అధ్యక్షురాలు నన్నడిగింది.

"అంతా చెప్పేసిందండీ. నేను ఆవిడ అత్తగారిని" అన్నాను. అడక్కపోయినా అన్నాను. ఛాతీ ఉప్పొంగిపోతుంటే ఎలా ఊరుకోను?

చట్టం వచ్చింది. ఆ సెక్షన్ కూడా వచ్చింది. మర ఫోన్లు పూర్తిగా చావలేదు గానీ బాగా తగ్గాయి. వచ్చినవి కూడా ఎత్తీ ఎత్తగానే వాగుతున్నాయి.

నిన్న కోడలు స్నానానికి వెళ్తే ఫోన్ నేనెత్తాను. అవతల చడీచప్పుడూ లేదు. నోటిదాకా వచ్చిన తిట్టు మింగేశాను.

"ఉన్నాను తల్లీ" అన్నాను. "ఊపిరి తీసుకో."