పాట ఎత్తిందెవరు

పూర్ణచంద్రగారు బరంపురంలో మైకుసెట్ల దుకాణం మూసేసి చాలా కాలమైంది. ఒకప్పుడు ఊళ్లో పెళ్లి జరిగినా, ఠాకురాణి అమ్మవారి యాత్ర వచ్చినా ఆయన దగ్గరినుంచే బాకాలూ రికార్డులూ వెళ్లేవి. దుకాణం పోయినా రికార్డులను మాత్రం ఆయన వదలలేదు. మేడమీది గదిలో ఎలుకలకు అందకుండా దాచుకున్నారు.

ఆయన కూతురు హరిచందన వాటిని ఒక్కొక్కటే మెత్తటి గుడ్డతో తుడిచి, ప్లేయరు మీద పెట్టి, కంప్యూటర్లోకి ఎక్కించడం మొదలుపెట్టింది. రికార్డు ఒక వైపంతా ఒకటే పొడుగాటి ఫైలుగా వస్తుంది. దాన్ని పాటపాటకీ విడగొట్టి, పాట పేరూ పాడినవాళ్ల పేరూ రాయాలి. పాటకీ పాటకీ మధ్య కాస్త నిశ్శబ్దం ఉంటుంది కాబట్టి, తెర మీద శబ్దపు గీత చదునుగా ఉన్నచోట కోస్తే సరిపోతుంది.

చికిటి రికార్డు చేతికొచ్చేదాకా పని సాఫీగానే సాగింది.

దాని అట్ట మీద 'చికిటి ఉబాల పాటలు, మహిళా బృందం' అని మాత్రమే ఉంది. వరినాట్లు వేస్తూ ఆడవాళ్లు పాడుకునే పాటలవి. అచ్చేసిన చిన్న కంపెనీ ఎప్పుడో మూతపడింది. పాటల పేర్లు లేవు, మనుషుల పేర్లు అసలే లేవు. పైగా ఒక పాట తోకను పట్టుకుని ఇంకో పాట అందుకున్నారు. మొదటివైపు చివర్లో మాత్రం ముందు పాడే గొంతు చటుక్కున ఆగింది. వంత పాడేవాళ్లు తడబడి సద్దుమణిగారు. ఎక్కడో ఒక పసిబిడ్డ ఏడుస్తోంది. కాసేపటికి మళ్లీ పాట. అవి రెండు పాటలనుకుని హరిచందన అక్కడ కోసి, ముందు ముక్కకి ఒక అంకె, వెనక ముక్కకి ఒక అంకె వేసింది.

"పేర్లు తెలీకపోతే తెలీదని రాసీమ్మా. ఇప్పుడెవరడుగుతారు?" అన్నారు పూర్ణచంద్రగారు.

"పాడినోళ్లు ఇంకా ఉన్నారేమో నాన్నా. ఉన్న మనుషుల్ని తెలీదని ఎలా రాసేస్తాం?"

ఆయన అట్టని చేతిలోకి తీసుకుని చూశారు. "చికిటిలో మన జగ్గన్న ఉన్నాడు కదా. అడిగి సూడు."

జగ్గన్నది చికిటిలో కిరాణా కొట్టు. చుట్టుపక్కల ఊళ్లలో అతనికి తెలియని గడప లేదు. హరిచందన బస్సు దిగేసరికే వాకబు చేసి ఉంచాడు. పక్క పల్లెలో, ఆనాటి బృందంలోని వాళ్లు ఇద్దరు మిగిలారట.

జగ్గన్న వెంట అక్కడికి వెళ్లేసరికి, వాళ్లలో ఒకరైన సీతాలు అరుగు మీద కూర్చుని చింతపండులోంచి పిక్కలు తీస్తోంది. విషయం చెప్పగానే చేతులు దులుపుకుంది.

"ఓలమ్మ, ఆ రికార్డా! ఆలెవరో వొచ్చి, పొలంగట్టు మీద డబ్బా పెట్టి పాడించుకుని ఎల్లిపోనారు. మాకు ఇనిపించనైనా నేదు. ఇనాలంటే మిషనేదీ ఈ ఊల్లో?"

"చివరి పాట ఎత్తింది ఎవరు మామ్మా? పేరు రాయాల."

"ఇంకెవరు? నానే."

ఎదురింటి వాకిట్లోంచి ఒక గొంతు లేచింది. "అబద్దాలెందుకే? ఆ పాట ఎత్తింది నాను!"

ఆవిడే రెండో మనిషి, జయలక్ష్మి. జగ్గన్న హరిచందన వైపు వంగి, "ఈలిద్దరికీ మాటల్లేక ఏళ్లయింది. అంతా ఈ పాట గొడవే," అన్నాడు మెల్లగా.

హరిచందన సంచిలోంచి చిన్న స్పీకరు తీసి అరుగు మీద పెట్టింది.

రికార్డు గరగరతో పాటే గొంతులు లేచాయి. సీతాలు నోరు కాస్త తెరుచుకుని అలాగే ఉండిపోయింది. జయలక్ష్మి వాకిలి దాటి వీధి మధ్యకొచ్చింది. ఇంకో పాట మొదలయ్యేసరికి అరుగు చివర కూర్చుంది. "ఇది నాను," అని ఒకరు, "ఇక్కడ నాను," అని ఒకరు వేలు చూపించుకున్నారు. చివరి పాట వచ్చింది.

మబ్బొచ్చి మడిమీద గొడుగేసెనే
గొడుగుకింద నా సిన్ని కునుకేసెనే

సన్నటి గొంతు. పైకి వెళ్లేకొద్దీ ఇంకా తేటపడే గొంతు. ఇద్దరూ వేళ్లు ఎత్తారు గానీ ఎవరూ 'నాను' అనలేదు. గొంతు ఆగింది, బిడ్డ ఏడ్చింది. ముక్క అయిపోయింది.

"తర్వాత ఇంకో పాటండి," అంది హరిచందన.

"ఇంకోటేటి? ఇది అయిపోనేదు," అంది సీతాలు. "బిడ్డ ఏడ్సిందని మద్దెలో..."

"మద్దెలో గట్టుకెల్లింది," జయలక్ష్మి అందుకుంది. "డబ్బా ఆపొద్దని ఆ రికార్డు బాబు సేతులూపినాడు. బిడ్డని సంకనేసుకుని వొచ్చి మల్లీ అందుకుంది."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అమ్మడు," అంది సీతాలు.

"అమ్మడే. ఒలే సీతాలూ, మనిద్దరం కామే."

రికార్డు చేసిన మరుసటి ఎండాకాలం జ్వరమొచ్చి, ఆ బిడ్డ తల్లి అమ్మడు పోయిందని హరిచందనకి సీతాలే చెప్పింది. పిల్లకి అప్పటికి నడక కూడా సరిగా రాలేదు. జయలక్ష్మి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "అది పోనాక ఆ పాట మా నోట్లో ఉండిపోనాది. నోట్లో ఉంది కదాని మాదే అనుకున్నాం."

ఆ పిల్ల పేరు అరుణ. అమ్మమ్మగారింట పెరిగి, పురుషోత్తంపూర్లో కాపురముంటూ, అక్కడి బజార్లో కూరగాయలమ్ముతోంది. తల్లి ఫోటో ఒక్కటి కూడా లేదు ఆమెకి. జయలక్ష్మి ఫోన్ చేయించింది. తనకి ఫోన్లో సరిగ్గా వినబడక, దాన్ని సీతాలు చేతిలో పెట్టింది.

హరిచందన ఇంటికెళ్లి ఆ రెండు ముక్కల్నీ మళ్లీ ఒకటి చేసింది. గరగర తగ్గించింది గానీ బిడ్డ ఏడుపు జోలికి పోలేదు.

ఆదివారం హరిచందన స్పీకరు తీసుకుని మళ్లీ సీతాలు అరుగు దగ్గరికి వెళ్లింది. అరుణ వచ్చింది. నలభై దాటిన మనిషి, కష్టం చేసిన చేతులు. ఎవరినీ పలకరించకుండా స్పీకరు ఎదురుగా కూర్చుంది.

పాట మొదలైంది. ఆమె కదల్లేదు. ఏడుపు వినబడినప్పుడు, "అది నువ్వేనే," అంది సీతాలు. అరుణ అటు తిరగలేదు. పాట అయిపోయింది.

"ఇంత సిన్నపిల్లా మా అమ్మ?" అంది అరుణ. "నా కూతురు పెద్దగుంట గొంతులాగుంది. నాను అమ్మని ముసిలమ్మలాగ అనుకునీదాన్ని పెద్దమ్మా. కల్లో కూడా ముసిలిదాన్లాగే వొచ్చీది."

జయలక్ష్మి ఆమె తల దగ్గరికి తీసుకుంది. అరుణ అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే, "ఇంకోపాలి ఎట్టమ్మా," అంది హరిచందనతో.

ఇంకోసారి పెట్టింది. ఆ తర్వాత అరుణే తన ఫోను తీసి ఇచ్చింది. "ఇందులో ఎయ్యి. పిల్లలకి ఇనిపించాల, మీ అమ్మమ్మరా అని సెప్పాల."

పాట ఫోన్లోకి వెళ్తుండగా హరిచందన, "పాట పేరేటని రాయమంటావక్కా?" అని అడిగింది.

అరుణ పెద్దవాళ్ల వైపు చూసింది. ఈ ఒక్కదాని మీద వాళ్లకి పేచీ రాలేదు. "మబ్బు గొడుగు," అన్నారు ఇద్దరూ.

హరిచందన పాట పేరు రాసి, దాని పక్కన 'పాట ఎత్తినది: అమ్మడు. వంత: సీతాలు, జయలక్ష్మి' అని రాసింది. ఇంకా రెండోవైపు అంతా మిగిలే ఉంది. ఆ పాటల పేర్లు చెప్పడానికి వచ్చేవారం బరంపురం వస్తామన్నారు ఇద్దరు పెద్దవాళ్లూ. ఒకే బస్సులో, పక్కపక్క సీట్లలో.

"నానూ వొస్తాను," అంది అరుణ. "కొట్టు ఒకపూట మూసీసినా ఏటీ అయిపోదు."