దోమ కుట్టిన సోషల్ పేపర్

కైనాత్ అక్కకు పదో తరగతి సోషల్ పుస్తకం మొత్తం నోటికి వచ్చు. చేతులు మాత్రం పుట్టినప్పటి నుంచీ వణుకుతాయి. ఒకసారి ఆమె ‘భారతదేశం’ అని రాస్తే సోషల్ సారు మ్యాప్ గీసిందనుకుని రెండు మార్కులు వేశారు.

బోర్డు పరీక్షకు రాసిపెట్టే మనిషిని ఇవ్వమని వాళ్ల నానమ్మ ఉమ్రావ్ బేగం బడికి వచ్చి అడిగింది. అది కళ్లు కనిపించనివాళ్లకేనని హెడ్మాస్టర్ మల్లేశ్వర్ సారు అన్నారు. ఆ రోజు చంద్రకాంత్ సారు కూడా అక్కడే ఉన్నారు. కైనాత్ అక్కలాంటి పిల్లలకు పాఠాలు చెప్పడానికి ఆయన వారానికోసారి తాండూరు నుంచి మా ఊరికి వస్తారు.

“చెయ్యి పట్టేసి రాయలేని ఒకాయన సుప్రీంకోర్టుదాంక పోయి గెలిచిండు సార్,” అన్నారాయన. “రాయనీకి కష్టమున్నోళ్లకు గూడ ఇయ్యాలెనని కోర్టు చెప్పింది.”

కోర్టు అనగానే మల్లేశ్వర్ సారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. ముందు ప్రీఫైనల్‌లో చూస్తానన్నారు. రాసే పిల్ల సొంత మాట ఒక్కటి కలిపినా వికారాబాద్‌లోని జిల్లా ఆఫీసుకు దరఖాస్తు పంపనన్నారు. తొమ్మిదో తరగతిలో అసలు నోరు విప్పనిదాన్ని నేనే కాబట్టి నన్ను పిలిచారు.

“ఆమె నోట్లకెళ్లి ఏదొస్తే అది రాయాలె భవ్యశ్రీ. ఒక్క మాట ఇడవొద్దు, ఒక్క మాట కలపొద్దు.”

నేను తల ఊపాను.

కైనాత్ అక్క గొంతు పెద్దది. అందుకని మమ్మల్ని మధ్యాహ్న భోజనం బియ్యం పెట్టే గదిలో కూర్చోబెట్టారు. కాపలాకు మల్లేశ్వర్ సారే వచ్చి ఒక బస్తాకు ఆనుకున్నారు. అక్క కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకుంటూ చెబుతోంది. నేను రాస్తున్నాను.

‘నైరుతి రుతుపవనాలు జూన్ నెలలో కేరళ తీరాన్ని తాకుతాయి. ఆగు, దోమ కుట్టింది. రాసినవా? జర జల్ది రాయి, నత్త లెక్క ఉన్నవ్.’

అన్నీ రాశాను, నత్తతో సహా.

కాసేపటికి సారు నిద్రపోయారు. అక్క కళ్లు తెరవకుండానే, “సారు గురక మా ఇంట్ల గ్రైండర్ లెక్కనే ఉంది,” అంది. నా పెన్ను ఆగింది. రాయాలా అని అడగాలంటే నోరు విప్పాలి. ఒక్క మాట ఇడవొద్దన్నారు కదా. రాసేశాను.

రెండు రోజుల తర్వాత మల్లేశ్వర్ సారు అక్కను, నానమ్మను, చంద్రకాంత్ సారును, నన్ను స్టాఫ్‌రూమ్‌కు పిలిపించి ఆ పేపరు అందరి ముందు పైకి చదివారు. గ్రైండర్ దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు సన్నబడింది. మిగతా సార్లందరూ ఒకేసారి కిటికీ వైపు తిరిగారు. అక్క నన్ను నమిలేసేలా చూసింది.

“మా గ్రైండర్ గంత సప్పుడు చెయ్యది సార్,” అంది ఉమ్రావ్ బేగం, సర్దిచెబుదామని.

ఇక దరఖాస్తు సంగతి మరిచిపొమ్మని సారు పేపరు మూసేశారు. అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. చంద్రకాంత్ సారు ఆ పేపరును మళ్లీ తెరిచి ఆయన ముందు పెట్టారు.

“సొంత మాట కలపొద్దనే గద సార్ మీరన్నది. ఇందుల భవ్యశ్రీ మాట ఒక్కటి చూపెట్టుండ్రి.”

మల్లేశ్వర్ సారు అటూ ఇటూ తిప్పి వెతికారు. దొరకలేదు. దోమను, నత్తను, గురకను కొట్టేస్తే మిగిలిన జవాబులన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆయన పెన్ను మూత తీసి, దరఖాస్తు మీద సంతకం పెట్టారు.

అందరూ బయటికి వెళ్తుంటే నన్ను ఒక్కదాన్నే ఆగమన్నారు. తలుపు దగ్గరికి వేసి, మెల్లగా అడిగారు.

“నిజంగనే గురక గంత పెద్దగ వస్తదా?”

సారుతో నేను అప్పటిదాకా ఒక్క మాటైనా మాట్లాడి ఎరుగను.

“వస్తది సార్,” అన్నాను.