బందెలదొడ్డి తాళం

బందెలదొడ్డి కూలగొట్టి అక్కడ మంచినీళ్ల ప్లాంటు పెడతామని సర్పంచ్ హేమలత అంటే ఊరుకునే మనిషినా నేను? ఈ నాగలత నోరు ఊరందరికీ తెలిసిందే. చేలల్లో పడి మేసిన పశువులను తోలుకొచ్చి, జరిమానా కట్టేదాకా మూసిపెట్టే దొడ్డి అది. మా తాతయ్య బసవపున్నయ్య కృష్ణా జిల్లా నుంచి ఈ అడవి అంచుకొచ్చి సేద్యం మొదలుపెట్టాక కట్టించాడు. రాతి గోడలు, మద్దికర్ర తలుపు. చరిత్ర విలువ మీకేం తెలుసని పంచాయతీలో అందరి ముందూ హేమలతను దులిపేశాను. తండాలో పుట్టి చదువుకున్న పిల్ల, ఒక్క మాట తిరిగి అనలేదు. నేనే గెలిచాననుకున్నాను. కలెక్టరాఫీసు చుట్టూ తిరిగి, దొడ్డిని ముట్టుకోకూడదని ఉత్తర్వు తెచ్చాను. తాళం నా దగ్గరే ఉంటుందని, చూడ్డానికి వచ్చినవాళ్లకు నేనే అన్నీ చెబుతానని గొప్పలు పోయాను.

దొడ్డి ముందు దాని చరిత్ర రాసిన బోర్డు పెట్టిన రోజు ఊరంతా వచ్చింది. పాత సంగతులు తెలిసినవాళ్లు చెప్పండని మైకులో పిలిచింది కూడా నేనే. గోడ దూకిన బర్రెల కథలూ, కాపలావాణ్ణి కుమ్మిన గిత్తల కథలూ వస్తాయి కాబోలని నవ్వడానికి సిద్ధమై కూర్చున్నాను. హేమలత అత్త పూలి లేచింది. కోడలు చెయ్యి పట్టి ఆపబోయినా ఆగలేదు.

"మా ఎద్దు ఈళ్ల చేన్ల పడ్డది. దండుగ కట్టేతందుకు మా నాయిన ధన్‌సింగ్ కాడ పైసల్లేవు. దున్నే కాలంల ఎద్దును మూసిపెడితే ఏమొస్తదని, ఈళ్ల తాత దాన్ని తోల్కపోయి తన చేనే దున్నిచ్చుకున్నడు. ఎద్దుకు బదులు మా నాయినను గీ దొడ్ల పెట్టి తాళమేసిండు. తలుపు సందులకెళ్లి నేను రొట్టె అందిచ్చేదాన్ని."

ఎవరూ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. తండా ముసలివాళ్లు తలలు దించుకున్న తీరు చూస్తే, అది వాళ్లందరికీ తెలిసిన సంగతేనని అర్థమైంది. తెలియనిది నాకే. తల కొట్టేసినట్లయింది. హేమలత దొడ్డిని ఎందుకు కూలగొడదామనుకుందో, నా చేత అన్ని మాటలు పడి ఎందుకు ఊరుకుందో అప్పటికి గానీ నా బుర్రకెక్కలేదు.

మర్నాడు పొద్దున్నే తండాకు వెళ్లాను. వాళ్ల గడప తొక్కడం అదే మొదలు. పూలమ్మా అని పిలవడమూ అదే మొదలు, ఆమె అదేమీ పట్టించుకోలేదు. ఉత్తర్వు నేనే రద్దు చేయిస్తాను, దొడ్డి కూలగొట్టించేద్దాం అన్నాను. నిజం చెప్పొద్దూ, ఆ మాట అనగానే నా ప్రాణం తేలికపడింది. హేమలత కూడా సరేననబోయింది. పూలి ఒప్పుకోలేదు.

"మొన్న కూలగొడితే నాకు మంచిగనే ఉంటుండె. ఇప్పుడు పది మందిల చెప్పిన. ఇంక అది లేకుంటే, రేపు నా మాట ఎవరు నమ్ముతరు? ఉండనియ్యి. వచ్చినోళ్లకు నువ్వే చెప్తనంటివి గదా. చెప్పు."

సోమవారం బడిపిల్లలు వచ్చారు. పూలి కూడా వచ్చి ఎదురింటి అరుగు మీద కూర్చుంది. తాళం తీశాను. ఇందులో ఏం మూసిపెట్టేవాళ్లని ఒక పిల్ల అడిగింది. పశువులను అన్నాను. అంతటితో ఆపేస్తే ఏం పోయిందనిపించింది, నా సిగ్గులేని మనసుకు. అరుగు వైపు చూసే ధైర్యం లేక తలుపు వైపు తిరిగాను.

"మనుషులను కూడా," అన్నాను. "మూసిపెట్టింది మా తాతయ్య."

"జర గట్టిగ చెప్పమ్మా," అంది పూలి అరుగు మీద నుంచి. "ఎనకున్నోళ్లకు ఇనపడతలేదు."

పిల్లల వైపు తిరిగి మళ్లీ చెప్పాను.