బోడిచేతులు

సోమవారం పొద్దున్నే గడప మీద కూర్చుని అక్కమ్మ బ్లేడుతో గోళ్లు తీసుకుంటోంది. నెల్లూరు వైపు సముద్రం పక్కనున్న రొయ్యల ఫ్యాక్టరీలో సోమవారమే గోళ్లు చూసేవాళ్లు. కాస్త తెల్ల అంచు కనబడితే చాలు, గేటు దగ్గరే వెనక్కి పంపేస్తారు. తల్లో పూలు కూడదు, బొట్టు కూడదు, గాజులు అసలే కూడదు. ఏడేళ్లు ఆ పద్ధతిలో బతికింది అక్కమ్మ. మూడు నెలల కిందట ఆర్డర్లు తగ్గాయని అందర్నీ ఇళ్లకు పంపేశారు. "ఫోన్ చేస్తాం, రెడీగా ఉండండి" అన్నాడు పనివాళ్లను తీసుకుపోయే పుంగనూరు లక్ష్మీపతి. ఆ ఒక్క మాట పట్టుకుని, రామసముద్రం పక్క పల్లెలో ఆమె నిజంగానే రెడీగా ఉంది. వినేవాళ్లకు నవ్వు రావచ్చు గానీ, ఆమెకది నవ్వులాట కాదు.

ఇంట్లో ఇంకెవరున్నారు గనక? మొగుడు మునెప్ప ఎప్పుడో కుప్పంలో వేరే కాపురం పెట్టాడు. ఫ్యాక్టరీ హాస్టల్లో గదికి పదిమంది. ఒకరి గురకను ఒకరు తిట్టుకుంటూ నిద్రపోయేవాళ్లు. ఇక్కడ తన గురకకు తనకే మెలకువ వస్తోంది.

గోళ్ల ముక్కలు ఊడ్చేసి, బస్సెక్కి మదనపల్లె టమోటా మార్కెట్‌కు పోయింది. మూడు నెలలుగా అక్కడ కాయలు ఏరే పని. పక్కన కూర్చునే చౌడమ్మ నోరు ఊరుకోదు.

"నీ మొగుడు కుప్పంలో గుండ్రాయి మాదిరి ఉండాడు గదమ్మే! చేతులు బోడిగా యాల పెట్టుకోనుండావు?"

"ఫోను వస్తాది పెద్దమ్మా. తొడుక్కుంటే మళ్లా తియ్యాల గదా."

"వస్తాదిలే, వస్తాది!" అని చౌడమ్మ కుళ్లిన కాయనొకదాన్ని దూరంగా విసిరేసింది.

మధ్యాహ్నం ఫోను రానే వచ్చింది. చేసింది పల్లవి. పెద్దతిప్పసముద్రం పిల్ల. రొయ్య తల తుంచడం, పొట్టు ఒలవడం, వీపు మీది నల్లనరం తెగకుండా లాగడం, అన్నీ దానికి అక్కమ్మ నేర్పినవే. ఇంటికొచ్చిన ఈ మధ్యలోనే పెళ్లి కూడా అయింది.

"అక్కా, నన్ను రమ్మన్నారు! సాయంత్రం మదనపల్లె బస్టాండుకు వస్తాండా. నీకూ చేసింటారు గదా?"

"చేసినారు" అనేసింది అక్కమ్మ.

పెట్టేసిన వెంటనే లక్ష్మీపతికి చేసింది.

"ఒలిచే మిషన్లు వచ్చినాయమ్మా. ఈతూరి ముప్పై లోపు పిల్లోళ్లనే తీసుకోమన్నారు. నేనేం సేసేది సెప్పు?"

"నేను రెడీగానే ఉండానప్పా."

"తెలుసమ్మా" అన్నాడతను, పాపం, మెల్లగా.

సాయంత్రం బస్టాండులో పల్లవి ముఖం చిన్నబుచ్చుకుని నిలబడి ఉంది. చేతులకు పచ్చగాజులు.

"పెండ్లిగాజులక్కా, ఎంత లాగినా రాల్యా. పగిలినాయంటే మా అత్త నన్ను సంపేస్తాది."

"పగలవులే, ఇట్రా."

అక్కమ్మ దాన్ని కొళాయి దగ్గరికి తీసుకుపోయి సంచిలోంచి సబ్బు తీసింది. మణికట్టు నిండా నురగ పట్టించి, బొటనవేలి మొదలు లోపలికి నొక్కి, గాజును తిప్పుతూ తిప్పుతూ లాగింది.

"సెయ్యి వదులుగా పెట్టమ్మీ. రొయ్య మాదిరి ముడుసుకోవాకు."

పల్లవి కిసుక్కున నవ్వింది. చివరి గాజు కూడా వచ్చేసింది. "నువ్వెప్పుడు వస్తాండావక్కా?"

"వచ్చే వారం" అంది అక్కమ్మ, కొళాయి కట్టేస్తూ.

ఇంతలో కండక్టర్ విజిలేశాడు. పల్లవి తడిచేతులతోనే బ్యాగు పట్టుకుని పరిగెత్తింది. కదిలే బస్సు కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది.

"గాజులు నువ్వొచ్చేటప్పుడు తెచ్చేయక్కా! ఆదివారం రూములో ఏసుకుంటా!"

అక్కమ్మ సరేనని తల ఊపింది. బస్సు తిరుపతి రోడ్డెక్కి వెళ్లిపోయింది. ఆమె సిమెంటు బెంచీ మీద కూలబడింది. ఏడుపు వచ్చింది. చుట్టూ జనం ఉన్నారని మింగేసింది. ఒక గాజు తీసి తన చేతికి ఎక్కించి చూసింది. ఏడేళ్లు ఐసులో నాని మొద్దుబారిన కణుపుల దగ్గర అది ఆగిపోయింది. తీసేసి మిగతా వాటి పక్కన పెట్టింది.

రామసముద్రం బస్సు వచ్చింది, పోయింది. పన్నెండు పచ్చగాజులు, ఒక్కటీ చిట్లకుండా, సబ్బునురగ ఆరుతూ ఆమె ఒళ్లో ఉన్నాయి.