సరి వరుసల బతుకమ్మ

పొద్దున్నే చేవెళ్ల వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. వాన పడలేదు, ఎండా రాలేదు. కోసి తెచ్చిన గునుగు పూల మీద తడి ఆరకుండా ఉండిపోయింది.

దసరా సెలవులకు ముందు ఆఖరి రోజు. బడి ముందు తాంబాళంలో పిల్లలు పేర్చిన బతుకమ్మను చూసి, నైవేద్యం సద్ది గిన్నెలతో వచ్చిన అరుణమ్మ ఆగిపోయింది. కింది నుంచి పైకి వరుసలు వేలితో లెక్కపెట్టింది.

"ఎనిమిది. గిట్ల ఎవలు పేర్వమన్నరే?"

"టీచర్ చెప్పింది అవ్వా," అన్నది మనవరాలు సాహిత్య. "యూదుల పండుగల రోజుకొక దీపం ఎక్కువ ముట్టిస్తరట, ఎనిమిది దాక. మేం ఆ లెక్కనే తిరగేసి బతుకమ్మ పేర్చినం. పైకి పోయినకొద్దీ పూలు తగ్గుతయి."

వెంట ఉన్న ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బతుకమ్మను ఐదో, ఏడో, తొమ్మిదో వరుసలు పేరుస్తారు. ఆ ఊళ్లో సరి వరుసలు ఎవరూ పెట్టరు. పొరపాటున పెడితే విప్పి మళ్లీ పేరుస్తారు.

"చర్చికి పోయేటోళ్లతోని పండుగ చెప్పిస్తే గిట్లనే ఉంటది," అన్నది ఒకామె.

జెన్నీ తాత్కాలిక టీచరు. ఆమె తల్లి శాంతమ్మ అదే బడిలో మధ్యాహ్నం వంట చేస్తుంది. మొయినాబాద్‌లో ప్రైవేటు బడిలో రెండేళ్లు చదివినా సాహిత్యకు కూడిక రాలేదు. ఈ సర్కారు బడికి మారాక చైనా లాంతర్లు, రంజాన్ ఖర్జూరాలు, క్రిస్మస్ నక్షత్రాలు కథలుగా చెప్పి జెన్నీ నేర్పింది. సాహిత్య వచ్చిందని వాళ్ల వాడకట్టు పిల్లలూ వచ్చారు. వాళ్లు పోతే బడి మూతపడుతుంది.

కబురు విని అరుణమ్మ భర్త మాణిక్యం వచ్చాడు. మాజీ సర్పంచ్. కూర్చోమంటే కూర్చోలేదు.

"కావాలని చేసినవా?"

"లేదు సార్. నాకు తెల్వదు."

"తెల్వనిది పిల్లలకెందుకు చెప్పినవ్? లెక్కలు చెప్పుమంటే దేశంల ఉన్న పండుగలన్ని తిప్పుతున్నవ్. సెలవులయినంక మా పిల్లలు ఈడికి రారు. మొయినాబాద్ వ్యాను మాట్లాడుతున్న." ఫోన్ చేశాడు, అవతల ఎవరూ ఎత్తలేదు.

వంటగది గడపలోంచి శాంతమ్మ కూతురి వైపే చూసి అన్నది: "నేను ముందే చెప్పిన. మనకెందుకే వాళ్ల పూల ముచ్చట? రేపు ఆదివారం పాస్టరు అడిగితే నువ్వే చెప్పుకో."

 జెన్నీ మాణిక్యంతోనే అన్నది.

"మా ఇంట్ల బతుకమ్మ పేర్వరు సార్. చిన్నప్పుడు మీ వాకిట్ల పేరుస్తుంటే చూద్దామని వచ్చిన. పూలు ముట్టొద్దన్నరు. రోడ్డు అవతల నిలబడుమన్నరు. గంత దూరంకెల్లి వరుసలు లెక్కకు అందలె."

"ఎవలన్నరు?"

 జెన్నీ అరుణమ్మ వైపు చూసింది.

అరుణమ్మ చూపు తిప్పుకోలేదు. కిందకూర్చుని, బతుకమ్మ మీది గుమ్మడి పువ్వు తీసి పక్కన పెట్టింది. బంతిపూల గంపను జెన్నీ వైపు నెట్టింది.

"పెట్టు."

"నేనా?"

"ఎనిమిది పెట్టించినోళ్లెవలు? తొమ్మిదోది గూడ నువ్వే పెట్టు."

జెన్నీ కూర్చుని పువ్వు పెట్టింది. అది పక్కకు ఒరిగింది.

"అట్ల గాదు. తొడిమె లోపటికి. పిల్లలకు చెప్పేదానివి, గీపాటి తెల్వదా?"

ఎవరూ నవ్వలేదు. జెన్నీ పువ్వును తీసి, తొడిమె లోపలికి తిప్పి మళ్లీ పెట్టింది. పక్కన వంగి చూస్తున్న సాహిత్య అడిగింది.

"టీచర్, గీ వరుసకు ఎన్ని పూలు పడతయి?"

"కింది వరుస లెక్కవెట్టి చెప్పు."

వరుస పూర్తయ్యాక అరుణమ్మ గుమ్మడి పువ్వును మళ్లీ పైన పెట్టింది. ఇక ఆడి, గౌరమ్మకు మొక్కి, ఆ తర్వాత సద్ది పంచాలి. ఆమె లేచి సద్ది గిన్నె మూత తీసింది. విస్తరిలో పులిహోర పెట్టి జెన్నీ ముందుంచింది.

"ఇంకా మొక్కలేదు గదా వదినా," అన్నది ఒకామె.

"నాకు తెల్సు. అందుకే పెట్టిన. తిననియ్యి."

మొక్కిన సద్దిని చర్చికి పోయేవాళ్లు ముట్టరు. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే అది. మొక్కకముందు సద్ది ఎవరికీ పెట్టరన్నదీ తెలిసిందే.

మాణిక్యం ఫోన్ మోగింది. వ్యాను డ్రైవరు.

"ఫోన్ జేబుల వెట్టు," అన్నది అరుణమ్మ. "కూసొని తిను."

ఆయన నిలబడి భార్యను చూశాడు. ఫోన్ మోగి మోగి ఆగింది. విస్తరి తీసుకుని జెన్నీకి కాస్త ఎడంగా కూర్చున్నాడు. శాంతమ్మ వంటగదిలోంచి అన్నం గిన్నె తెచ్చి కూతురి పక్కన కూర్చుంది. పిల్లలు, ఆడవాళ్లు వరుసగా కూర్చున్నారు. మబ్బు ఇంకా విడవలేదు. ఎవరూ ఎవరి వైపూ చూడలేదు. మొక్కకముందే అందరూ తిన్నారు.